మందు లేదన్న వైద్యునికీ నమస్కారం

ఆరోగ్య ప్రసంగాలు ప్రసారమయిన తరువాత మాకు చేరే ఉత్తరాలలో అనేకం కృతజ్ఞతతోనే మొదలవుతవి. జ్వరం తగ్గినదనీ, కాన్పు సుఖంగా జరిగినదనీ, చూపు మళ్ళీ వచ్చినదనీ చెప్పి, తమ ఊరి వైద్యునికి మా ద్వారా నమస్కారాలు పంపే శ్రోతలు ఎందరో ఉన్నారు. జూలై 1వ తేదీ డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ పుట్టిన దినమూ, కన్నుమూసిన దినమూ కూడా. ఆనాడు దేశమంతటా వైద్యులను స్మరించుకొంటున్నాము. రోగం కుదిర్చినవారికి చేతులు జోడించడం మనకు సహజం. కుదర్చలేనని చెప్పిన వైద్యునికి కూడా కృతజ్ఞత చెప్పవలసి ఉంటుందా? ఈ ప్రశ్న మాకు నెల్లూరు జిల్లా పశ్చిమభాగాన, ఉదయగిరి మెట్టలో ఎదురైనది.

గ్రామీణ శ్రోతల మాటలను ధ్వనిముద్రణ చేసుకొనడానికి ఒక వేసవిలో అటు ప్రయాణమైనాము. ఆత్మకూరు వరకు నీటి జాడ కంటికి కనిపిస్తూనే ఉంటుంది. ఆ ఊరికి చెరువు ఉన్నది. సమీపాననే పెన్నమీద సోమశిల జలాశయం ఉన్నది. అక్కడినుండి వాయవ్యంగా సాగేకొలదీ నేలలో రాయి పైకి తేలుతుంది, వెలిగొండలు దగ్గరవుతవి. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడి ఆరంభించి, 1514లో గజపతుల నుండి గెలుచుకొన్న ఉదయగిరి దుర్గం ఆ కొండలమీదనే ఉన్నది. ఆ కోట చరిత్రను ఎందరో వ్రాసినారు. కోట చుట్టుప్రక్కల పల్లెల బావులకూ ఒక చరిత్ర ఉన్నది. ఈనాటి మా ప్రసంగం దానిని గురించే.

ఆ పల్లెలలో ఒకదానిలో వేపచెట్టు క్రింద కూర్చున్న ఒక పెద్దాయనను పలుకరించినాము. మమ్ములను చూడడానికి ఆయన మెడ త్రిప్పలేదు; మంచంమీద ఒళ్ళంతా త్రిప్పుకొని కూర్చున్నాడు. నడుము వంగిపోయి ఉన్నది. ఆస్పత్రికి వెళ్ళినారా అని అడిగినాము.

"పోయినాను నాయనా. డాక్టరుగారు మంచాయన. ఫిలిం తీయించి, ఎముకలు చూపించి, అంతా విడమరచి చెప్పినాడు. దీన్ని పోగొట్టే మందు లేదు, ముందు నీళ్ళు మార్చుకో పెద్దాయనా అన్నాడు. దణ్ణం పెట్టి వచ్చినాను. మార్చేదానికి నీళ్ళేవి?"

ఆ దణ్ణం ఎందుకు పెట్టినట్లు? తిరిగి వచ్చే దారి పొడుగునా మాకు అదే ఆలోచన అయినది. ఈ వ్యాధి చరిత్రను తిరగవేసిన తరువాత గాని సమాధానం దొరకలేదు.

ఆ పెద్దాయనను పీడిస్తున్న వ్యాధి పేరు ఫ్లోరోసిస్. మెట్టప్రాంతపు రాళ్ళలో ఫ్లోరైడు అనే లవణం ఉంటుంది. భూగర్భంలో ఆ రాళ్ళ నడుమ చాలకాలం నిలిచిన నీరు ఆ లవణాన్ని తనలో కరగించుకొంటుంది. ఆ నీటికి రంగు మారదు, వాసన రాదు. చూచినవారికి అది తేటనీరే. పండ్లు ఏర్పడే వయస్సులో పిల్లలు ఆ నీరు త్రాగితే పంటి పింగాణిమీద గోధుమరంగు చారలు పడుతవి. వాటినే జనులు గారపండ్లు అంటారు. పెద్దలు ఏండ్ల తరబడి త్రాగితే ఫ్లోరైడు ఎముకలలో చేరుతుంది. కీళ్ళను పట్టి ఉంచే మెత్తని కట్లు కూడా క్రమంగా ఎముకవలె గట్టిపడుతవి. మెడ తిరగదు, వెన్ను వంగదు. వ్యాధి ముదిరితే వెన్నుపాము నొక్కుకొనిపోయి కాళ్ళు పడిపోతవి. ఎండలో పనిచేసే కూలికి దాహం ఎక్కువ గనుక, ఆతడు త్రాగే విషమూ ఎక్కువ.

ఈ సంగతిని మన జిల్లాలో మొదట చెప్పినవి పశువులు. ఒంగోలు జాతి ఎద్దును బ్రెజిలు దేశంలో నేటికీ మన జిల్లా పేరుతోనే 'నెలోర్' అని పిలుస్తారు. అటువంటి పశువులకు పేరుపొందిన సీమలో, 1930 దశకంలో, దుక్కిటెద్దులు తుంటి బిగుసుకొనిపోయి నొప్పితో నడవలేకుండా ఉండడాన్ని రైతులు గమనించినారు. అప్పటికి దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు కూడా నెల్లూరు జిల్లాలోనివే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అవి అందులో చేరినవి. ఆ జిల్లాకు 1972లో ప్రకాశం జిల్లా అని పేరు పెట్టినారు. పశువులను పట్టిన జాడ్యమే మనుషులనూ పట్టినదని కొద్ది సంవత్సరాలలో తేలినది.

అంతకుముందే దూరదేశాలలో ఇద్దరు ముగ్గురు వేరువేరు దారులలో ఈ రహస్యాన్ని వెదకుతున్నారు. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో ఫ్రెడరిక్ మెక్కే అనే దంతవైద్యుడు, తన ఊరి పిల్లల పండ్లమీది గోధుమ చారలకు కారణం నీటిలో ఉన్నదని అనుమానించి, ఏండ్ల తరబడి వెంటాడినాడు. 1931లో చర్చిల్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు ఆ నీటిలో ఉన్నది ఫ్లోరైడని తేల్చినాడు. మరుసటి సంవత్సరం డెన్మార్కులో, క్రయొలైటు అనే ఖనిజపు ధూళిలో పనిచేసే కార్మికుల ఎముకలు అసాధారణంగా చిక్కబడి ఉండడాన్ని మోల్లర్, గుడ్‌యాన్సన్ అనే వైద్యులు ఎక్స్-రే చిత్రాలలో చూచినారు. ఒకచోట నీరు, పండ్లు. మరొకచోట ధూళి, ఎముకలు.

1937లో మద్రాసు వైద్యులు ఈ రెండు కొసలనూ మన జిల్లాలో కలిపినారు. షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, మన్నాడి నాయర్ అనే నలుగురు మద్రాసు రాజధానిలోని ఫ్లోరోసిస్‌ను గురించి ఆ సంవత్సరం ఒక వ్యాసం ప్రకటించినారు. బావినీటిలోని ఫ్లోరైడు వలన మనుషుల ఎముకలు చెడుతున్నవని మన దేశంలో వెల్లడైనది నెల్లూరు జిల్లాలోనే. ఆ నలుగురిలో బార్నార్డ్ ఎక్స్-రే శాస్త్రంలో దిట్ట. మద్రాసు జనరల్ ఆస్పత్రిలోని ఎక్స్-రే సంస్థకు నేటికీ ఆయన పేరే ఉన్నది. షార్ట్ తరువాతి కాలంలో లండనులో గార్న్‌హామ్‌తో కలిసి, మలేరియా పరాన్నజీవి మనిషి కాలేయంలో దాగి పెరుగుతుందని కనుగొని ప్రసిద్ధికెక్కినాడు.

1940లో సి. జి. పండిట్, టి. ఎన్. ఎస్. రాఘవాచారి, వారి సహచరులు మరొక అడుగు ముందుకు వేసినారు. ఒకే రకం నీరు త్రాగినవారిలో కొందరికి పండ్లు మాత్రమే చెడి, కొందరికి ఎముకలు కూడా చెడడానికి కారణమేమని వారు ప్రశ్నించినారు. చాలని తిండి, అందులోనూ సి విటమిన్ లోపం వ్యాధిని తీవ్రతరం చేస్తున్నవని వారికి తోచినది. నీరు అందరిదీ ఒకటే అయినా, పేదవాని ఒంటిమీద దాని దెబ్బ బలంగా పడుతున్నదన్నమాట. పండిట్‌గారు తరువాత భారత వైద్య పరిశోధన మండలికి మొదటి డైరెక్టరు అయినారు.

వీరిలో ఎవరూ ఒక్క వంగిన నడుమునయినా నిలబెట్టలేకపోయినారు. నేటికీ గట్టిపడిన వెన్నును మునుపటివలె చేయగల మందు లేదు. అయినా వారు చేసినది చిన్న మేలు కాదు. అంతవరకు ఈ బాధ వాతమనీ, ముసలితనమనీ, కర్మఫలమనీ అనిపించుకొన్నది. వైద్యులు రోగి మాటను నమ్మి, ఎముకను చూచి, బావిని పరీక్షించి, దోషం మనిషిది కాదు, నీటిదని చెప్పినారు. ఆ ఒక్క మాటతో రోగి తలమీది నింద తొలగినది. తన మనుమనికి ఈ గతి పట్టకుండా తప్పించవచ్చునన్న ఆశ మొదటిసారిగా కలిగినది. ఉదయగిరి పెద్దాయన దణ్ణానికి అర్థం ఇదేనని మాకు ఇప్పుడు తోస్తున్నది.

నెల్లూరులో మొదలయిన ఈ విచారణ ఆగలేదు. 1955లో డాక్టర్ సిద్దిఖీ నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌ను గురించి బ్రిటిష్ వైద్యపత్రికలో వ్రాసినారు. 1970 దశకంలో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వైద్యులు అక్కడి పిల్లల మోకాళ్ళు లోనికి వంకరపోవడాన్ని పరిశీలించినారు. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూరు పరిశోధకులు రూపొందించినారు. దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు నిలిచినది. 2008-09లో కేంద్రప్రభుత్వం ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం ఆరంభించినప్పుడు, మొదట ఎన్నుకొన్న జిల్లాలలో నెల్లూరు ఒకటి.

మన ఇండ్లలో గుర్తుంచుకొనవలసిన మాటలు కొన్ని ఉన్నవి. నీటిని కాచితే క్రిములు చస్తవి గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరయ్యేకొలదీ అది మరింత చిక్కబడుతుంది. త్రాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది. మన దేశపు ప్రమాణం 1 మిల్లీగ్రామే. వేరు నీరు దొరకనిచోట మాత్రమే 1.5 వరకు అంగీకరించినారు. బావినీటిని పరీక్ష చేయించడం, వాననీటిని పట్టుకొనడం, పిల్లలకు పాలు, ఆకుకూరలు, ఉసిరి, నిమ్మ పెట్టడం మన చేతిలోని పనులు.

అన్నీ మన చేతిలో లేవు. నదులనుండీ జలాశయాలనుండీ వచ్చే నీటిలో సాధారణంగా ఈ దోషం స్వల్పం. పెన్న నీరు ఆత్మకూరుకు చేరువగా ఉన్నది. ఉదయగిరి మెట్ట ఎత్తున ఉన్నది. కృష్ణాజలాలను ఆ మెట్టకు కూడా చేర్చాలన్నది వెలిగొండ పథకపు సంకల్పాలలో ఒకటి. మంచినీరు అందించవలసినవారు ఇంజనీర్లు, పాలకులు, పన్ను కట్టే మనమందరము. వైద్యుడు తన వంతు మాట 1937లోనే చెప్పి ఉన్నాడు.

"మార్చేదానికి నీళ్ళేవి?" అన్న ఆ పెద్దాయన ప్రశ్నను మేము ధ్వనిముద్రణ చేసుకొని వచ్చినాము. అది డాక్టరుగారిని ఉద్దేశించి అడిగినది కాదు. ఆయనకు ముట్టవలసిన దణ్ణం ఆయనకు ముట్టినది. ఆ పల్లెలలోని ప్రతి ఇంటి బిందెలోనూ మంచినీరు నిండిననాడు, ఆ వైద్యులకు మనమందరం పెట్టవలసిన నమస్కారం కూడా పూర్తి అవుతుంది.