కోలో పుట్టిన ఉదయం

1956 డిసెంబర్ 22. అమెరికాలో ఒహాయో రాష్ట్రం, కొలంబస్ జూ. పశువైద్యం చదువుకుంటూ అక్కడ కొన్ని గంటలు పనిచేసే వారెన్ థామస్ పొద్దున్నే గొరిల్లాల గదుల వైపు వచ్చాడు. మిల్లీ బోనులో నేల మీద ఏదో పడి ఉంది. చిట్లని ఉమ్మనీటి సంచి. లోపల పిల్ల. కదలడం లేదు.

అప్పటిదాకా ప్రపంచంలో ఏ జూలోనూ గొరిల్లా పుట్టలేదు. ఇప్పుడేం చేయాలో అడుగుదామన్నా, పురుడు పోసిన అనుభవం ఉన్న మనిషి ఎక్కడా లేడు. థామస్ తిండి చూపించి మిల్లీని అవతలికి మళ్లించాడు. బోనులోకి దూరి సంచి చించాడు. ఊపిరి లేదు. ఆ చిన్న నోటికి తన నోరు ఆనించి ఊదాడు. ఊదుతూనే ఉన్నాడు, ఛాతీ తనంతట తాను కదిలేదాకా. రెండు కిలోలైనా తూగని ఆడపిల్ల బతికింది.

అసలు ఆ పిల్ల కడుపున పడటమే థామస్ చలవ. మిల్లీ, దాని జోడు మాక్ ఒకదాన్నొకటి గాయపరచుకుంటాయని పైవాళ్లు వాటిని వేరుగా ఉంచమన్నారు. అతను ఎవరికీ చెప్పకుండా రెండింటినీ కలవనిచ్చాడు. కామెరూన్ అడవిలో పసితనంలోనే పట్టుబడిన జంతువులవి. ఆ రోజుల్లో గొరిల్లా పిల్లను పట్టాలంటే తరచుగా దాన్ని కాపాడే పెద్దవాటిని చంపాల్సి వచ్చేది. జూలో కనిపించే ఒక్కో పిల్ల వెనుక అడవిలో ఎన్ని పోయాయో ఎవరు లెక్క రాశారు?

కొలంబస్, ఒహాయో పేర్ల ముందక్షరాలు కలిపి ‘కోలో’ అన్నారు. ఇంక్యుబేటర్, పాలసీసా, లంగోటీలు, బుజ్జి గౌన్లు. జనం విరగబడి వచ్చారు. మురిపెంగా పెంచారు, అందులో కల్మషం లేదు. అయినా ఆ ఫొటోలు చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. గొరిల్లా పిల్ల నెలల తరబడి తల్లి రొమ్మును పట్టుకుని వేలాడుతుంది. ఎలా బతకాలో, రేపు తన బిడ్డను ఎలా ఎత్తుకోవాలో అక్కడే నేర్చుకుంటుంది. గౌను తొడిగిన చేతులు ఆ విద్య నేర్పలేవు.

కోలో పెద్దదైంది. బాంగో అనే మగ గొరిల్లాతో 1968 నుంచి 1971 లోపు ముగ్గురిని కన్నది. ముగ్గురినీ మనుషులే పెంచారు.

అప్పటికే స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జూలో 1961లో అకిల్లా అనే తల్లి తన కొడుకు జాంబోను తానే సాకింది. బోనులోనైనా తల్లి తల్లే కాగలదని అది చూపించింది. కానీ ఆ పాఠం అన్నిచోట్లా తలకెక్కడానికి ఏళ్లు పట్టింది. 1970ల్లో గొరిల్లాల అంతర్జాతీయ వ్యాపారం మీద నిషేధం వచ్చాక అడవి నుంచి తెచ్చుకునే దారి దాదాపు మూసుకుపోయింది. ఏ మగదానికి ఏ ఆడది దూరపు రక్తమో వంశావళి పుస్తకాల్లో చూసి, ఊరు మార్చి, ఖండం మార్చి జోడు కట్టడం మొదలైంది. కొలంబస్‌లోనే 1980ల్లో బ్రిడ్జెట్ అనే తల్లి చనిపోతే, పసివాడు ఫాసీని తండ్రి బాంగోనే సాకాడు. కన్నబిడ్డల్ని పెంచే భాగ్యం లేకపోయిన కోలో, పెద్దవయసులో ఒక మనవడిని అక్కున చేర్చుకుంది.

2017 జనవరి 17న, అరవై నిండిన కొద్ది రోజులకే కోలో నిద్రలో కన్నుమూసింది. అప్పటికి దాని మునిమనవలకు కూడా పిల్లలు పుట్టారు.

అది బతికుండగానే, 2013లో, టెక్సస్ జూలో తల్లి పట్టించుకోని ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు గ్లాడిస్. దాన్ని కోలో ఉన్న ఒహాయోకే, సిన్సినాటి జూకు తెచ్చారు. ఈసారి ఎవరూ గౌను తొడగలేదు. సంరక్షకులే బొచ్చు చొక్కాలు వేసుకుని, పిల్లను గుండెకు హత్తుకుని, గొరిల్లాల్లా మూలుగుతూ, నాలుగు కాళ్ల మీద నడుస్తూ పగలూ రాత్రీ మోశారు. తమని అమ్మా అని నమ్మించడానికి కాదు, అసలు అమ్మ దొరికేదాకా ఆ పట్టు మరిచిపోకుండా ఉంచడానికి. కొన్ని నెలల్లోనే ఎంలిన్జీ అనే ఆడ గొరిల్లా గ్లాడిస్‌ను తన బిడ్డగా తీసుకుంది.