రంగం రేవులో 1930 మే 26



మన తూర్పు తీరపు పల్లెలలో ఒకప్పుడు "ఫలానావాడు రంగం పోయినాడు" అనెడి మాట తరచుగా వినవచ్చేది. రంగం అనగా రంగూను, నేటి యాంగోన్. కాకినాడ, విశాఖపట్టణం, భీమునిపట్టణం రేవులలో పొగఓడ ఎక్కి, బంగాళాఖాతము దాటి, మూట దించి మూట ఎత్తుకొనిన తెలుగువారు వేలకు వేలు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూనులో సుమారు 4 లక్షల జనముండగా, అందులో సగానికి మించినవారు భారతీయులే. ఓడల మీద బియ్యపు బస్తాలు మోసినవారు, రిక్షాలు లాగినవారు, వీధులు ఊడ్చినవారు ఎక్కువగా మనవారు. గోదావరి పాయ ఒడ్డుననున్న కోరంగి రేవు పేరు మీదుగా వారిని అక్కడ "కోరంగీలు" అనెడివారు. ఊరి పేరు జాతి పేరయినది. జాతి పేరు క్రమముగా తిట్టయినది.

ఆ నగరములో 1930 మే నెలలో తెలుగు కూలీల రక్తము పారినది. ఆ చోటులను కాలినడకన చూడదలచినవారికి దారి నాలుగు కిలోమీటర్ల లోపే.

నడకను బొటటాంగ్ పగోడా వద్ద మొదలుపెట్టవచ్చును. 1943లో బాంబులకు కూలి, తిరిగి కట్టబడిన పగోడా అది. అక్కడనుండి నదిని ఎడమ చేతివైపు ఉంచుకొని స్ట్రాండ్ రోడ్డు వెంబడి పడమరగా నడిస్తే, దారి పొడవునా రేవు కనిపిస్తుంది. కథ ఆ రేవులోనే పుట్టినది.

1930 మే 5న పెగూలో పెద్ద భూకంపము వచ్చి రంగూనును కూడ కుదిపివేసినది. గాంధీగారిని అరెస్టు చేసినదీ ఆనాడే. ఆ తరువాతి దినములలో తెలుగు ఓడకూలీలు కూలి పెంచమని పని మానినారు. ఓడల కంపెనీలవారు ఊరకుండక బర్మా కూలీలను పిలిచి పనిలో పెట్టుకొనిరి. ధాన్యపు ధరలు పడిపోయి, అప్పులకు పొలములు పోగొట్టుకొని పట్టణము చేరిన రైతుబిడ్డలకు ఆ పని వరమే అయినది. సమ్మె రెండు వారములకు మించి సాగినది. పిదప యజమానులు కూలి కొంత పెంచుటకు ఒప్పుకొనగా తెలుగువారు తిరిగి పనికి వచ్చినారు. మే 26, సోమవారం ఉదయము. ఎప్పటివలె పనికి వచ్చిన బర్మావారికి "ఇక మీతో పని లేదు" అన్న జవాబు ఎదురైనది. మాటా మాటా పెరిగినది. ఎకసెక్కెములు, తోపులాటలు, ఆపైన కర్రలు, కత్తులు.

స్ట్రాండ్ రోడ్డు మీద పాన్‌సొడాన్ వీథి కలిసే మూలలో రేవు అధికారుల భవనమున్నది. పాన్‌సొడాన్‌ను ఆనాడు ఫేయర్ వీథి అనేవారు. నగరములోని పెద్ద కంపెనీల కచేరీలు ఆ వీథిలోనే ఉండెడివి. ఇక్కడ కొంచెము ఆగి ఆలోచింపవలెను. ఒకరిని తీసివేసి మరొకరిని పెట్టిన నిర్ణయము, ఆ మరొకరిని రాత్రికి రాత్రి తీసివేసిన నిర్ణయము కూడ ఇట్టి మేడలలో జరిగినవే. చంపినవాడు, చచ్చినవాడు మాత్రము రేవులో ఉన్నారు.

సూలే పగోడా చేరి, అక్కడనుండి నాటి డల్హౌసీ వీథి, నేటి మహాబందూల వీథి పట్టుకొని పడమరకు సాగితే ఇరుకైన అడ్డవీథులు వరుసగా తగులుతాయి. కూలీలు కిక్కిరిసి, వంతులవారీగా నిద్రించిన వసతిగృహములు ఇట్టి వీథులలోనివే. అల్లరులు రేవు దాటి నగరములోనికి వ్యాపించినప్పుడు ఆ ఇండ్ల తలుపులే విరిగినవి. ప్రాణభీతితో వేలమంది దాగినారు. రిక్షాలు ఆగినవి, వీథులు ఊడ్చేవారు లేక చెత్త పేరుకొనినది. ఎవరిని తరిమితే నగరము శుభ్రపడునని కొందరు తలచినారో, వారు లేకపోతే నగరము కంపుకొట్టిపోవునని నాలుగు దినములలోనే తేలినది.

ఉత్తరముగా తిరిగితే ఎర్ర ఇటుకల పెద్ద ఆస్పత్రి ఎదురవుతుంది. 1911 నాటి కట్టడము. ప్రభుత్వ లెక్కల ప్రకారము ఆ అల్లరులలో మరణించినవారు సుమారు 120 మంది, గాయపడినవారు సుమారు 900 మంది. చనిపోయినవారు అంతకు చాలా హెచ్చని చెప్పినవారూ ఉన్నారు. మృతులలో అత్యధికులు భారతీయులు, వారిలోనూ తెలుగువారు.

తరువాతి కథ ఇంకను పెద్దది. ఆ అల్లరుల వేడిలోనే 'దొబామా' అనెడి బర్మా జాతీయవాద ఉద్యమము పుట్టినది. దాని వెంట వచ్చిన స్వాతంత్ర్య కాంక్ష న్యాయమైనదే. దానిలో కలిసిన పరజాతి ద్వేషము మాత్రము న్యాయమైనది కాదు. 1931 జనవరిలో చీనావారి మీద, 1938లో భారతీయ ముస్లిముల మీద అల్లరులు జరిగినవి. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడిన పిదప లక్షలమంది అడవులు, కొండలు దాటి నడచి వచ్చినారు. దారిలో వేలమంది రాలిపోయినారు. 1960లలో వ్యాపారములు జాతీయము చేయబడగా మిగిలినవారిలో అనేకులు ఓడలెక్కినారు. విశాఖలో బర్మా క్యాంపు అనెడి పేరు వారి గుర్తుగా నిలిచినదే.

తెలుగువారికి పరదేశములో జరిగిన హింస అనగానే నేడు మనకు సముద్రాల కవతలి చదువుకొన్న యువకులు గుర్తుకు వస్తారు. వారికై మనము దుఃఖించుట ఉచితమే. కాని కోరంగీ కూలీకి పత్రికలో పేరు పడలేదు, ఇంటికి తంతి రాలేదు. మేస్త్రీ చిట్టాలో బాకీగా మాత్రము మిగిలినాడు. ఎన్నో ఇండ్లలో "రంగం పోయి తిరిగి రాలేదు" అన్న ఒక్క వాక్యముతో ఒక మనిషి చరిత్ర ముగిసినది. బర్మావారిని దోషులుగా నిలబెట్టుట నా ఉద్దేశము కాదు. ఆకలిగొన్న ఇద్దరి మధ్య ఒకే ముద్దను పెట్టి చూచిన వ్యాపారమును మరువరాదనుటయే నా మనవి. ఆ పద్ధతి రంగూనుతో పోలేదు. మన ఊళ్ళకు కట్టడపు పనులకు వచ్చే పొరుగు రాష్ట్రములవారిని మనమేమని పిలుచుచున్నామో ఒకమారు చెవి యొగ్గి వినండి.

మీ ఇండ్లలో రంగం కబుర్లు తెలిసిన పెద్దలింకను ఉంటే, వారు చెప్పిన పేర్లు, ఊళ్ళు, ఓడ దిగిన సంవత్సరము వ్రాసి ఉంచండి. లెక్కలలో సంఖ్యలుగా మిగిలినవారికి తిరిగి పేరు పెట్టుట మన చేతిలోని పని.

స్వస్తి.