కారు ముందు చక్రాల బేరింగులు: గుర్తించడం, మార్చడం

కారు చక్రం తిరుగుతుంది. దానిని పట్టి ఉంచే నకిల్ తిరగదు. ఈ రెండింటి నడుమ ఉక్కు గుండ్లతో, గ్రీజుతో నిండి, బండి బరువును మోస్తూ చక్రాన్ని తేలికగా తిరగనిచ్చేదే బేరింగు. ముందు బేరింగులకు శ్రమ ఎక్కువ. ఇంజను బరువు, బ్రేకు వేసినప్పుడు ముందుకు ఒరిగే భారం, మలుపుల్లోని పక్కతోపు అన్నీ వాటి మీదనే పడతాయి. పల్లెల్లో తిరిగే బండ్లకు వాగునీరు, పొలం బురద అదనం. సీలు దాటి నీరు లోనికి చేరితే గ్రీజు చెడి, గుండ్లు దొర్లే దారిలో తుప్పు గుంటలు పడతాయి. మోత అక్కడి నుంచే మొదలవుతుంది.

ఆ మోతను టైరు శబ్దంగా పొరబడటం సాధారణం. టైరు శబ్దం రోడ్డును బట్టి మారుతుంది. తారు దాటి సిమెంటు రోడ్డెక్కగానే తేడా తెలుస్తుంది. బేరింగు మోత వేగంతో హెచ్చుతుంది, మలుపులో మారుతుంది. కారు ఎడమకు తిరిగేటప్పుడు బరువు కుడి చక్రం మీదకు ఒరుగుతుంది కనుక, అప్పుడు మోత పెరిగితే ముందుగా అనుమానించవలసింది కుడి బేరింగునే. చెవిని మాత్రమే నమ్మి బాగున్న వైపు బేరింగు మార్చడం షెడ్లలో తరచు జరిగే పనే. ఖర్చు పెట్టినా మోత మాత్రం పోదు.

అనుమానం తీరాలంటే జాకీ వేసి, స్టాండు మీద నిలిపి, చక్రాన్ని పైన, కింద పట్టి ఊపి చూడాలి. ఊగుతూ ఉంటే మరొకరిని బ్రేకు తొక్కమనండి. ఊగడం ఆగితే లోపం బేరింగుది. ఆగకపోతే బాల్ జాయింటు వంటి వాటిని చూడాలి. చక్రాన్ని చేత్తో తిప్పుతూ సస్పెన్షన్ స్ప్రింగు మీద వేళ్లుంచితే గరగర తగులుతుంది. ఊగే బేరింగుతో దూరప్రయాణం తగదు. అది బిగుసుకొనిపోవచ్చు, చక్రమే ఊడిపోనూవచ్చు. బండిలో ఇంటిల్లిపాదీ ఉంటారన్నది మరువరాదు.

కొత్తది కొనేటప్పుడు అంచు మీది అంకెలను సరిచూసుకోవాలి. దుకాణం బోర్డు కన్నడంలో ఉన్నా, తమిళంలో ఉన్నా, ఒడియాలో ఉన్నా ఆ అంకెలకు అర్థం ఒకటే. డీఏసీ 34640037 అంటే లోపలి రంధ్రం 34 మి.మీ., వెలుపలి వ్యాసం 64, వెడల్పు 37. పాత పద్ధతి గుండ్ల బేరింగు 6206 అయితే చివరి రెండంకెలను 5తో హెచ్చవేయగా వచ్చే 30 మి.మీ. లోపలి రంధ్రం.

ముందు చక్రాలకు ఇంజను శక్తి అందే చిన్న కార్లలో చాలావాటికి విధానం ఇది. చక్రం నేల మీద ఉండగానే నడిమి నట్టును వదులు చేయాలి. బండిని లేపి, చక్రం విప్పి, కాలిపర్‌ను తీగతో కట్టి వేలాడదీయాలి. బ్రేకు గొట్టం మీద దాని బరువు పడకూడదు. తరువాత డిస్కు, టైరాడ్, బాల్ జాయింటు విడదీసి, డ్రైవ్ షాఫ్టును వెనక్కు నెట్టి నకిల్‌ను ఊడదీయాలి. ఇక మిగిలింది ప్రెస్ పని.

అసలు మెలకువ ఇక్కడే ఉంది. బేరింగును నకిల్‌లోకి దించేటప్పుడు ఒత్తిడి వెలుపలి రింగు మీదనే పడాలి. హబ్‌ను ఎక్కించేటప్పుడు లోపలి రింగుకు కింద ఆధారం ఉండాలి. ఇది తారుమారైతే ఒత్తిడి గుండ్ల గుండా పోయి, కొత్త బేరింగు అమర్చిన నాడే దెబ్బతింటుంది. సుత్తితో కొట్టినా అంతే. ప్రెస్ లేని షెడ్డులో, నకిల్‌ను లేతు షాపుకు పంపమని అడగడం మీ హక్కు. సర్క్లిప్ తన గాడిలో కూర్చున్నదా అని చూడాలి. ఏబీఎస్ ఉన్న కార్లలో బేరింగుకు ఒక పక్క అయస్కాంతపు వలయం ఉండవచ్చు. అది సెన్సారు వైపే ఉండాలి. నడిమి నట్టు కొత్తది వేసి, టార్క్ రెంచితో మాన్యువల్లో చెప్పినంతే బిగించాలి. అది బిగించకముందు బండి బరువును ఆ చక్రం మీద మోపరాదు.

జీపుల వంటి వెనుక చక్రాల శక్తితో నడిచే పాత బండ్లలో శంఖు ఆకారపు రోలర్ల బేరింగులు ఉంటాయి. వాటిని విప్పి, గ్రీజు కూరి, నట్టుతో బిగువు సరిచేయవచ్చు.

పాత బేరింగును అడిగి తీసుకోండి. ఎర్రని తుప్పు కనిపిస్తే నీరు చేరినట్టు. నీలిరంగు తేలితే గ్రీజు లేక వేడెక్కినట్టు. సమదూరంలో నొక్కులుంటే గుంతల్లో బలమైన దెబ్బ తగిలినట్టో, అమర్చేటప్పుడు కొట్టినట్టో భావించవచ్చు.