దోమ గుట్టు తేలింది మన గడ్డ మీదే

ఘనపూర్ స్టేషన్‌లో సికింద్రాబాద్ రైలెక్కితే జనగామ, ఆలేరు, భువనగిరి దాటాక నగరం వస్తుంది. చదువులకూ కొలువులకూ పెద్ద దవాఖానలకూ మనవాళ్లు తరతరాలుగా ఆ రైల్లోనే వెళ్తున్నారు. కానీ బేగంపేట పాత విమానాశ్రయానికి దగ్గరలో ఉన్న ఒక పాత భవనాన్ని చూసినవాళ్లు మనలో తక్కువ. మలేరియా పరాన్నజీవి దోమ కడుపులో పెరుగుతుందని ప్రపంచానికి తొలిసారి తెలిసింది అక్కడే, 1897 ఆగస్టు 20న. 2022తో ఆ రోజుకు 125 ఏళ్లు నిండాయి. ఇంత ఘనత మన ముంగిట్లోనే ఉందని మన పిల్లలకు చెప్పడం మన బాధ్యత.

మలేరియా అనే చలిజ్వరానికి చిత్తడి నేలల చెడుగాలే కారణమని ఆనాటి నమ్మకం. 1880లో అల్జీరియాలో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ రోగి రక్తంలో పరాన్నజీవిని కనుగొన్నాడు. అది ఒకరి ఒంట్లోంచి మరొకరి ఒంట్లోకి ఎలా చేరుతుందో మాత్రం తేలలేదు. దోమ మీద అనుమానపడ్డ వైద్యుడు పాట్రిక్ మాన్సన్, 1894లో లండన్‌లో ఆ పరాన్నజీవిని రోనాల్డ్ రాస్‌కు చూపించాడు. రాస్ పుట్టింది అల్మోరాలో, 1857లో. ఇండియన్ మెడికల్ సర్వీసులో డాక్టరు. 1895లో సికింద్రాబాద్ చేరి దోమల వెంట పడ్డాడు.

దాదాపు రెండేళ్లు ఫలితం లేదు. కారణం, ఆయన కోసి చూసినవి మలేరియాను మోసే జాతి దోమలు కావు. 1897 ఆగస్టు నడుమ, రెక్కల మీద మచ్చలున్న కొత్తరకం దోమలు చేతికొచ్చాయి. 16వ తేదీన హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి వాటి చేత కుట్టించుకోవడానికి ఒప్పుకున్నాడు. కుట్టిన ఒక్కో దోమకు అణా చొప్పున రాస్ చెల్లించాడు.

ఆ తర్వాతి రోజులు కఠినమైనవి. పంకా వేస్తే కోసిపెట్టిన దోమలు ఎగిరిపోతాయి కాబట్టి ఉక్కపోతలోనే కూర్చోవాలి. నుదుటి చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి, కంటి దగ్గరి అద్దం పగిలింది. హుసేన్ ఖాన్‌ను కుట్టిన దోమలు ఒక్కొక్కటీ అయిపోతున్నాయి. 20వ తేదీన, కుట్టి నాలుగు రోజులైన దోమ కడుపు గోడను కణం కణం వెతుకుతుంటే గుండ్రటి కణమొకటి కనిపించింది. అందులో నల్లటి రేణువులు. మలేరియా రోగి రక్తంలో కనిపించే రేణువులూ అలాంటివే. మర్నాడు మరో దోమను కోస్తే అవే కణాలు ఇంకా పెద్దవిగా ఉన్నాయి. అంటే పరాన్నజీవి అక్కడ బతికి పెరుగుతోంది. ఆ డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఈ సంగతి ప్రచురించింది.

ఇంతలో రాస్‌కు బదిలీ అయింది. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరి, కుట్టినప్పుడు కొత్త ఒంట్లోకి దిగుతుందని నిరూపించాడు. మనుషుల మలేరియాను అనాఫిలిస్ దోమ మోస్తుందని ఇటలీలో గ్రాసీ బృందం అదే ఏడాది తేల్చింది. 1902లో రాస్‌కు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

బేగంపేట భవనం నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలో, రాస్ పేరిట పరాన్నజీవుల అధ్యయన సంస్థగా ఉంది. 1997లో శతాబ్ది సందర్భంగా దేశదేశాల శాస్త్రవేత్తలు హైదరాబాద్‌లో సమావేశమయ్యారు. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికీ రాస్ పేరే పెట్టారు. ఆగస్టు 20ని ప్రపంచమంతా దోమల దినంగా పాటిస్తోంది.

కాకతీయుల చెరువుల కింద, వరిమడుల నడుమ బతికే మనకు ఇది దూరపు చరిత్ర కాదు. ములుగు, భూపాలపల్లి అడవి పల్లెల్లో మలేరియా చాలా ఇళ్లను ఏడిపించింది. జ్వరమొస్తే వేలి కొసన రక్తం తీసి పరీక్షించడం, దోమతెర కట్టుకోవడం, నిల్వనీటిలో దోమ లార్వాలను తినే గంబూసియా చేపలు వదలడం, గోడలకు మందు కొట్టడం... దోమే దోషి అని రుజువయ్యాకే వీటన్నిటికీ బలమొచ్చింది. ఏమరుపాటు ఎంత చేటో కూడా దేశం చూసింది. 1965లో లక్షకు దిగిన కేసులు 1976లో 64 లక్షలు దాటాయి. నేటికీ ప్రపంచంలో ఏటా దాదాపు ఆరు లక్షల మంది మలేరియాకు బలవుతున్నారు. అందులో ఎక్కువమంది ఆఫ్రికా పసిపిల్లలే.

అందుకే మన బడుల విహారయాత్రల్లో చార్మినార్, గోల్కొండలతో పాటు బేగంపేట కూడా ఉండాలి. ముందుగా అనుమతి అడిగి పిల్లలను తీసుకెళ్లాలి. వీలైతే మైక్రోస్కోపు కింద ఒక దోమ రెక్కనైనా చూపించాలి. రాస్ పేరు చెప్పిన ప్రతిసారీ హుసేన్ ఖాన్ పేరూ చెప్పాలి. జ్వరంతో మంచాన పడి కూడా ఆయన దోమలకు ఒళ్లప్పగించకపోతే ఆ పరిశోధన సాగేది కాదు. నోబెల్ దాకా నడిచిన ఆ పనిలో మన నగరపు దవాఖానలోని ఒక మామూలు రోగికి వాటా ఉందని తెలిస్తే, సైన్సు తమది కూడా అని మన పిల్లలు నమ్ముతారు.