కానుక అంటే చూపు: పిల్లల చదువు బహుమతుల చరిత్ర



జూన్ నెలలో బడులు తెరిచే వేళ, మళ్ళీ పుట్టినరోజులు వచ్చినప్పుడు, బంధువులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. "మాస్టారూ, పిల్లవాడికి చదువుకు పనికివచ్చే వస్తువేదైనా ఇద్దామనుకుంటున్నాము. ఏమి కొనమంటారు?" అంగడిలో దొరికే వస్తువుల జాబితా చెప్పడం సులభం. కానీ ఈ ప్రశ్నకు రెండు వేల ఏళ్ళ పైబడిన చరిత్ర ఉన్నది. అది తెలిస్తే జాబితా అవసరం చాలావరకు తీరిపోతుందని నా నమ్మకం.

ముందుగా మాటలను విచారిద్దాము. తెలుగు పండితుడికి ఆ అలవాటు పోదు కదా! 'కానుక' అన్న మాటకు మూలం 'కను', 'కాను' అనే ధాతువు, అనగా చూడడం. రాజును, గురువును, దేవుణ్ణి దర్శించబోయేటప్పుడు చేత పట్టుకొనిపోయేది కానుక. అంటే తొలుత అది చిన్నవారి నుండి పెద్దవారికి పోయేది. 'బహుమతి' సంస్కృత శబ్దం. మతి అంటే ఎంచడం. బహుమతి అంటే ఎక్కువగా ఎంచడం, గౌరవించడం. వస్తువనే అర్థం ఆ తరువాత వచ్చింది. ఒక మాటలో చూపు, మరొక మాటలో గౌరవం ఉన్నాయి. పిల్లలకిచ్చే కానుకలో ఈ రెండూ ఉన్నాయా అన్నదే ఈ వ్యాసంలో నేను వెదకదలచిన సంగతి.

మన సాహిత్యంలో పిల్లవాడి ఆటబొమ్మ చుట్టూ కథ తిరిగిన గొప్ప నాటకం శూద్రకుని మృచ్ఛకటికం. చారుదత్తుని కొడుకు రోహసేనుడు పొరుగింటి పిల్లవాడి బంగారు బండితో ఆడుకున్నాడు. ఆ బండి వెళ్ళిపోయింది. దాసి రదనిక మట్టిబండి చేసి ఇచ్చింది. అది తనకు వద్దని పిల్లవాడు ఏడ్చాడు. వసంతసేన జాలిపడి తన నగలు తీసి ఆ మట్టిబండి నిండా పోసి, వీటితో బంగారు బండి చేయించుకో నాయనా అన్నది. ఎంత ఉదారమైన కానుక! కానీ ఆ నగలే తరువాత న్యాయస్థానంలో విదూషకుని వద్దనుండి జారిపడి, చారుదత్తునికి ప్రతికూలమైన సాక్ష్యమయ్యాయి. ఇంటి స్థితికి మించిన కానుక ఆ ఇంటికే బరువు కావచ్చునని శూద్రకుడు కథలోనే చూపాడు. పిల్లవాడి ఏడుపు బంగారం కోసం కాదు, పొరుగువాడితో సాటి కోసం. నేటి తల్లిదండ్రులకు ఈ ఏడుపు కొత్తది కాదు.

చదువు నేర్పడం కోసమే వస్తువును ఇవ్వాలన్న ఆలోచన కూడా పాతదే. క్రీస్తుశకం 1వ శతాబ్దిలో రోము నగరపు అలంకారశాస్త్ర బోధకుడు క్వింటిలియన్, పసివాళ్ళకు దంతంతో చేసిన అక్షరాలను ఆడుకోవడానికివ్వమన్నాడు. 1693లో ఆంగ్ల తత్త్వవేత్త జాన్ లాక్ విద్యను గురించి వ్రాసిన గ్రంథంలో అక్షరాలు అంటించిన బంతితో ఆట కట్టి చదువు నేర్పవచ్చునన్నాడు. అదే గ్రంథంలో మరో మాట ఉన్నది. పిల్లలకు బొమ్మలు కొనిపెట్టవద్దు, వాళ్ళే చేసుకోవాలి. నున్నటి గులకరాయి, కాగితం ముక్క, అమ్మ తాళాలగుత్తి ఖరీదైన బొమ్మకు తీసిపోవు అని. బొంగరం వంటి, తాము చేసుకోలేని పనిముట్టును మాత్రం ఇప్పించవచ్చునన్నాడు. ఆటలో కష్టం ఉన్నది కనుకనే. కొనే ముందు తలచుకోవలసిన మాట ఇది.

1744లో లండనులో జాన్ న్యూబరీ అనే ప్రచురణకర్త పిల్లల కోసం ఒక చిన్న పుస్తకం వేశాడు. పుస్తకం మాత్రమైతే ఆరు పెన్నీలు. మగపిల్లవాడికి బంతితో, ఆడపిల్లకు గుండుసూదుల దిండుతో కలిపి ఎనిమిది పెన్నీలు. ఆ బంతికి ఒక పక్క ఎరుపు, మరో పక్క నలుపు. మంచి పని చేస్తే ఎర్రని పక్క సూది గుచ్చాలి, చెడ్డ పని చేస్తే నల్లని పక్క. బంతి ఆడుకోవడానికా, పద్దు వ్రాసుకోవడానికా? పుస్తకంతోపాటు వస్తువును కట్టి అమ్మే వ్యాపారానికి ఇది తొలి మెట్లలో ఒకటి. బొమ్మ వేషంలో లెక్కల పుస్తకాన్ని ఇంట్లో ప్రవేశపెట్టే పద్ధతికి కూడా ఇదే నాంది అనుకుంటాను. 1760లలో జాన్ స్పిల్స్‌బరీ అనే పటాల చిత్రకారుడు దేశపటాన్ని పలుచని చెక్కపై అంటించి, దేశాల సరిహద్దుల వెంట కోసి అమ్మాడు. ముక్కలు కూర్చుకుంటూ భూగోళం నేర్చుకోవాలి. మూడవ జార్జి రాజు పిల్లలు కూడా ఇటువంటి పటాల ముక్కలతో నేర్చుకున్నారు. ఇప్పుడు పజిలు అనబడే ఆటకు పుట్టిల్లు భూగోళ పాఠమే!

ఇక ఈ చరిత్రలో కానుక అనే పేరునే చదువుకు పెట్టినవాడు ఫ్రెడరిక్ ఫ్రోబెల్. 1782లో జర్మనీలోని తురింగియాలో పుట్టాడు. పెస్టలోజీ వద్ద పనిచేశాడు. 1837లో బాద్ బ్లాంకెన్‌బర్గ్‌లో పసిపిల్లల కోసం ఒక సంస్థ మొదలుపెట్టి, 1840లో దానికి కిండర్‌గార్టెన్, అంటే పిల్లల తోట, అని పేరుపెట్టాడు. అక్కడ ఉపయోగించిన వస్తువులకు ఆయన పెట్టిన పేరు 'గాబే', అంటే కానుక. మొదటి కానుక రంగురంగుల ఉన్ని బంతులు ఆరు. రెండవది కొయ్య గోళం, ఘనం, వాటికి తోడు స్థూపం. మూడవది ఎనిమిది చిన్న ఘనాలుగా విడిపోయే ఒక పెద్ద ఘనం. పెట్టెను బోర్లించి ఎత్తితే పిల్లవాడికి ముందు సంపూర్ణమైన ఘనమే కనబడాలి. ఆ తరువాత విడదీసి ఇల్లు కట్టినా, బల్ల కట్టినా, ఆట ముగిసేసరికి మళ్ళీ ఘనంగా కూర్చి పెట్టెలో పెట్టాలి. విడిపోయినది మళ్ళీ ఒకటి కాగలదన్న భావం మాటలు లేకుండానే చేతికి తెలుస్తుంది. ఇంత చిన్న వస్తువులో ఇంత ఆలోచన దాచినవాణ్ణి పంతులు అనాలా, కవి అనాలా?

పాలకులు మాత్రం ఆయనను మరొక విధంగా చూశారు. 1851లో ప్రష్యా ప్రభుత్వం కిండర్‌గార్టెన్లను నిషేధించింది. ఇవి నాస్తికత్వాన్ని, సామ్యవాదాన్ని నూరిపోస్తున్నాయన్నది అభియోగం. ఆయన సోదరుని కొడుకు కార్ల్ ఫ్రోబెల్ వ్రాతలను ఈయనవిగా పొరబడ్డారని చరిత్రకారులు చెబుతారు. ఫ్రోబెల్ 1852లో కన్నుమూశాడు. నిషేధం తొలగినది 1860లో. ఉన్ని బంతులకు, కొయ్య ఘనాలకు ఒక రాజ్యం భయపడిందంటే నవ్వు వస్తుంది. కానీ తనంత తాను ఆలోచించడం నేర్చిన పిల్లవాడు రేపు పెద్దవాడవుతాడు కదా!

ఆ కానుకలు సముద్రాలు దాటాయి. 1876లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జరిగిన ప్రదర్శనలో వాటిని చూసి ఒక ఉపాధ్యాయిని తన కొడుకు కోసం కొన్నది. ఆ కొడుకే తరువాత లోకప్రసిద్ధి పొందిన వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్. ఆ కొయ్య దిమ్మెల స్పర్శ ముసలితనంలో కూడా తన వేళ్ళలో ఉన్నదని ఆయన చెప్పుకున్నాడు. అయితే అదే కాలంలో ఎన్నో బడులలో ఫ్రోబెల్ కానుకలు వట్టి తంతుగా మారిపోయాయి. పంతులమ్మ ఆజ్ఞాపించగా పిల్లలందరూ ఒకేసారి ఒకే దిమ్మెను ఎత్తి ఒకే చోట పెట్టేవారు. వస్తువు అదే, ఫలితం వేరు. కనుక చదువు వస్తువులో లేదు, దానిని ఇచ్చిన తీరులో ఉన్నదని ఒప్పుకోక తప్పదు.

మన దేశపు కథకు వద్దాము. 1907లో రోము నగరపు పేదవాడలో పిల్లల ఇల్లు తెరచిన మరియా మాంటెస్సోరి, 1939లో మద్రాసుకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. ఆమె సాధనాలలో పిల్లవాడు తప్పు చేస్తే పెద్దలు దిద్దనక్కరలేదు. గుంటలో పట్టని కొయ్య ముక్కే తప్పును చెబుతుంది. 1940లో ఇటలీ యుద్ధంలో దిగడంతో బ్రిటిషు ప్రభుత్వం ఆమె కొడుకు మారియోను నిర్బంధించింది. ఆ ఆగస్టు 31న ఆమెకు డెబ్బై ఏళ్ళు నిండాయి. ఆ రోజు పుట్టినరోజు కానుకగా కొడుకును తిరిగి పంపుతున్నామని ప్రభుత్వం కబురుపెట్టింది. లోకంలోని పిల్లలకు వస్తువులు కనిపెట్టి ఇచ్చిన తల్లికి దక్కిన కానుక ఒక మనిషి!

అంతకు పదేళ్ళ ముందు, 1930 అక్టోబరులో, నైనీ కేంద్ర కారాగారం నుండి జవహర్‌లాల్ నెహ్రూ పదమూడేళ్ళు నిండనున్న కూతురికి ఉత్తరం వ్రాశాడు. పుట్టినరోజున కానుకలివ్వాలి; జైలులో ఉన్నవాడు ఏమి ఇవ్వగలడు? మనస్సుకు సంబంధించినదేదో ఇవ్వగలడు, జైలు గోడలు దానిని ఆపలేవు అన్నది ఆ ఉత్తరపు సారాంశం. ఆ వరుసలో 1933 దాకా సాగిన ఉత్తరాలే 1934లో ప్రపంచ చరిత్ర గ్రంథంగా అచ్చయ్యాయి. చేతిలో పుస్తకాలు అంతంత మాత్రంగా ఉన్న ఖైదీ, కూతురి కోసం లోకచరిత్ర వ్రాశాడు. ఆయన రాజకీయాలతో ఏకీభవించనివారు కూడా ఈ కానుకను కాదనలేరు.

తెలుగునాట పిల్లలకు నెలనెలా వచ్చే కానుక పత్రిక. రేడియో అన్నయ్యగా పేరుపడిన న్యాయపతి రాఘవరావు 1945లో 'బాల' ప్రారంభించాడు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణిల 'చందమామ' వచ్చింది. చందా కట్టిన మామయ్య ఏడాదికి పన్నెండుసార్లు ఇంటికి వచ్చినట్లే ఉండేది. బాల ముందే ఆగింది, చందమామ 2013 నాటికి ఆగిపోయింది. పోస్టుమాను పిల్లవాడి పేరు పిలిచి చేతికందించిన ఆ గౌరవానికి ఇంకా సాటి దొరకలేదు. విశాలాంధ్ర వారి దుకాణాలలో దొరికిన సోవియట్ పుస్తకాలు కూడా అటువంటివే. నున్నని కాగితం, రంగుల బొమ్మలు, పేదవాడికి అందే ధర. 1991లో ఆ దేశమే లేకపోయాక ఆ పుస్తకాల రాక నిలిచిపోయింది.

నేను పనిచేసిన బడులలో వార్షికోత్సవ బహుమతుల వద్ద ఏటా ఒక వాదం నడిచేది. పుస్తకమా, స్టీలు గిన్నెనా? "పుస్తకం ఒకసారి చదివితే అయిపోతుంది పంతులుగారూ, గిన్నె పదేళ్ళు వాడతారు" అనేవారు తోటి ఉపాధ్యాయులు. ఆ మాటను తేలికగా కొట్టివేయలేము. తల్లి ఆ గిన్నెలో అన్నం పెట్టి "ఇది మావాడు గెలిచినది" అని చుట్టాలకు చూపితే, అందులో గౌరవం ఉన్నది. అయినా నేను పుస్తకం పక్షమే వహించాను. ఒక కారణం చెబుతాను. బహుమతి పుస్తకం మొదటి పుటలో పిల్లవాడి పూర్తి పేరు, తరగతి గుండ్రని అక్షరాలతో వ్రాసి, బడి ముద్ర వేసి ఇచ్చేవాళ్ళము. చాలామంది పిల్లలకు, హాజరు పట్టీని వదిలితే, తమ పేరు ఒక పుస్తకంలో ఉండడం అదే మొదలు. పుస్తకాన్ని తెరిచి ముందు కథ చూసినవాడు నాకు కనబడలేదు. అందరూ ముందు తమ పేరు చూసుకొనేవారు. గిన్నె మీద పేరు చెక్కించవచ్చు. కానీ గిన్నె ఇంటిది, పుస్తకం వాడిది. కొన్ని ఇళ్ళలో దానిని రేషను కార్డుతోపాటు పెట్టెలో దాచి, చెల్లెళ్ళను కూడా ముట్టనిచ్చేవారు కారు. చదవలేదే అని బాధ కలిగేది, పోగొట్టలేదే అని సంతోషమూ కలిగేది.

ఇక ఖర్చు సంగతి. ఐఐటీ కాన్పూరులో చదివిన అరవింద్ గుప్తా, 1972లో మొదలైన హోషంగాబాద్ విజ్ఞానబోధన కార్యక్రమంలో 1978లో కొంతకాలం పనిచేసి, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలు, అగ్గిపుల్లలు కలిపి త్రిభుజాలు, ఘనాలు కట్టించాడు. దానిని వివరించిన ఆయన పుస్తకం 1987లో వచ్చింది. ఆయన పుస్తకాలు తెలుగులోకి కూడా వచ్చాయి. అగ్గిపుల్లల చతురస్రాన్ని నొక్కితే వంకర పోతుంది, త్రిభుజం పోదు. వంతెనలకు, ఇంటి దూలాలకు త్రిభుజాలెందుకో ఆరవ తరగతి పిల్లవాడికి అర్ధరూపాయి ఖర్చుతో తెలిసింది. లాక్ చెప్పిన గులకరాయి మళ్ళీ మన చేతికి వచ్చినట్లే కదా! 2020లో బడులు మూతపడినప్పుడు ఫోను పలకగా మారిన సంగతి మనకు తెలుసు. దానిని నిందించను, దూరాన ఉన్న మాస్టారి గొంతును ఇంటికి తెచ్చింది. కానీ దానిలో తప్పు చేస్తే ఎర్రగుర్తు, ఒప్పు చేస్తే నక్షత్రం పడే ఆటలను చూసినప్పుడు న్యూబరీ బంతి గుర్తుకు వస్తున్నది.

కాబట్టి, మొదటి ప్రశ్నకు నా సమాధానమిది. కొనే ముందు పిల్లవాణ్ణి ఒక వారం చూడండి. వాడు దేనిని విప్పుతున్నాడు, దేనిని గీస్తున్నాడు, ఎవరినేమి అడుగుతున్నాడు? వాడి చేతికి పని మిగిల్చే వస్తువును ఎన్నుకోండి. పూర్తిగా తయారైన దానికంటే కూర్చుకోవలసినది మేలు. ఇంటి స్థితికి మించినది ఇవ్వకండి, పొరుగు పిల్లవాడి బండిని కొలతగా పెట్టుకోకండి. ఇచ్చాక వాడితో కూర్చోగలిగే తీరిక మీకున్నదో లేదో కూడా చూసుకోండి. అది లేకపోతే ధర తగ్గించి తీరిక పెంచండి. మార్కుల షరతు పెట్టి ఇస్తే అది కూలి అవుతుంది. కూలికి కూడా గౌరవమున్నది, కానీ దానిని కానుక అనకూడదు.

పుస్తకమిస్తే మాత్రం దుకాణంలో రంగు కాగితం చుట్టించే ముందు, ఒక్క నిమిషం ఆగి, మొదటి పుటలో పిల్లవాడి పేరు మీ చేతివ్రాతతో వ్రాయండి. ఇంటిపేరుతో సహా, తప్పు లేకుండా.