పరదేశపు పందెమున మన నాటు పాట



పాటకు పాట పందెము కట్టుట మనకు క్రొత్త కాదు. పూర్వము బొబ్బిలి కేశవయ్య యను విద్వాంసుడు తంజావూరు సంస్థానమునకు పోయి అచ్చటి వారిని పోటీకి పిలిచెననియు, ఆయన సింహనందన తాళమున పాడగా శ్యామశాస్త్రి శరభనందన తాళమున బదులు చెప్పి సభను గెలిచెననియు సంగీతజ్ఞులలో ఒక కథ కలదు. అందలి నిజానిజముల మాట యటుండనిండు. ఆ సభలో తీర్పరులకు తాళము తెలియును, పాడిన తెలుగును తెలియును. 2023వ సంవత్సరము మార్చి 12వ తేదీ రాత్రి అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమున ముగిసిన పందెము అట్టిది కాదు. అచ్చట గెలిచినది తెలుగు పాట; గెలిపించిన వారిలో తెలుగు తెలిసినవారు బహు స్వల్పము. అట్లయినచో వారు దేనిని మెచ్చిరి? ఈ ప్రశ్నకే నేటి ప్రసంగమున సమాధానము వెదకెదను.

ఆస్కారు బహుమానములలో పాటకు ప్రత్యేక బహుమానము 1934వ సంవత్సరపు చిత్రములతో మొదలైనది. ఆ బహుమానము గాయకునకు కాదు. సాహిత్యము వ్రాసినవానికిని, స్వరము కూర్చినవానికిని చెందును. ఆ సంవత్సరము పోటీకి అర్హమైన పాటలు 81. సంగీతశాఖ సభ్యులు వానిలో 15 పాటలను ఏరి, పిమ్మట 5 పాటలను నిలిపిరి. తుది తీర్పు మాత్రము నటులు, దర్శకులు, ఛాయాగ్రాహకులు మున్నగు సభ్యులందరిది. వారి సంఖ్య 9,000కు పైమాటయే. లేడీ గాగా, రిహానా వంటి జగత్ప్రసిద్ధ గాయనుల పాటలు ఎదుటి పక్షమున నుండెను. అంతకు ముందు గ్రీకు పాటయు, స్పానిష్ పాటయు ఈ బహుమానమును పొందకపోలేదు. 2009లో మన పొరుగు చెన్నపట్టణపు ఏ.ఆర్. రహమాన్ హిందీ పాటకు పొందెను, కాని ఆ చిత్రము బ్రిటిషు వారిది. భారతీయ చిత్రములోని పాట గెలుచుట ‘నాటు నాటు’తోనే మొదలు. మన దేశము ఆ యేడు అధికారముగా పంపిన చిత్రము వేరొకటి, గుజరాతీ భాషలోనిది. ‘ఆర్.ఆర్.ఆర్.’ తన దారిని తానే వెదకుకొని పోయినది.

ఆ పాట కథలోనే ఒక పందెము గలదు. అది 1920 ప్రాంతపు కథ. దొరల విందులో తెల్లవాడొకడు, మీకు నాట్యమేమి తెలియునని మనవారిని ఈసడించును. అంతట రాజు, భీము అను మిత్రులిద్దరు చిందు మొదలిడుదురు. తెల్లవారొక్కరొక్కరే అలసి కూలబడగా, తుదకు రాజు తన మిత్రుని గెలిపించుటకై తానే ఓడిపోవును. ఈ పాత్రలకు అల్లూరి సీతారామరాజు, కొమురం భీముల పేర్లు పెట్టిరి గాని, చరిత్రలో వారిరువురు కలిసికొన్న జాడ లేదు. దర్శకుడు రాజమౌళి కల్పన యది. చిత్రీకరణము జరిగినది ఉక్రెయిన్ రాజధానియగు కీవ్ నగరమున, ఆ దేశాధ్యక్షుని రాజప్రాసాదము ముంగిట, 2021 ఆగస్టులో. ఆరు మాసములు తిరిగి కొన్ని దినములు గడచునప్పటికి ఆ నగరముపై యుద్ధము వచ్చిపడినది.

ఇక మాటల సంగతి. నాటు అను మాట మన నగరి వంటి సరిహద్దు సీమలో రెండు భాషలకును చుట్టము. అరవవారు దేశమును నాడు అందురు. దానికి చెందినది నాట్టు. అందువలననే ఆ పాట అరవమున ‘నాట్టు కూత్తు’ అయినది. హిందీ వారు మాత్రము దానిని ‘నాచో నాచో’ యని మార్చుకొనవలసి వచ్చెను. సంతలో నాటుకోడికి ధర యెక్కువ. నాటు మనిషి యన్నచో మాత్రము చిన్నచూపు! సీమ సరకు ఎదుట నాటు సరకును తక్కువగా చూచు ఆ దృష్టినే కవి చంద్రబోసు తిప్పికొట్టెను. వరంగల్లు ప్రాంతపు చల్లగరిగె గ్రామమున పుట్టిన ఈయన తన పల్లెలోని తిండిని, పశువును, జాతరను తెచ్చి పోలికలుగా నిలిపెను. పాటలో తొమ్మిది పాళ్లు ఒక పూటలో వ్రాసితిననియు, తక్కిన పాలు ముగియుటకు 19 మాసములు పట్టెననియు ఆయనయే చెప్పెను. మనకు చేరువనున్న కార్వేటినగర సంస్థానమున సారంగపాణి వేణుగోపాలస్వామిపై చెప్పిన పదములలో జనుల వాడుక మాటలు విరివిగా కలవు. ఆస్థానపు పాటలోనికి వీధి మాట వచ్చుట మన సీమకు వింత కాదు.

అయితే లాస్ ఏంజిలిస్‌లోని తీర్పరులకు ఈ పోలికలు చేరినవా? అనువాదపు అక్షరములుగా కొంత చేరియుండవచ్చును. రుచిగా చేరలేదనియే నా అభిప్రాయము. వారిని పట్టినది తిశ్రగతి. ఆరు మాత్రలు మూడు మూడుగా విరుగు ఆ నడకను స్వరకర్త కీరవాణి డప్పు వాద్యములపై నడిపించెను. తిరుపతి గంగజాతరలో పంబ మ్రోగగా చూచినవారికి, నిలుచున్నవాని కాలు తానై కదలుట యెట్టిదో చెప్పనక్కరలేదు. దానికి తోడు ప్రేమ్ రక్షిత్ కూర్చిన అడుగు. ఇద్దరు భుజములు కలిపి ఒక్క దేహమువలె కాళ్లు విసరుట చూచుటకు భాష యక్కరలేదు. కావున గెలిచినది మొదట తాళము, పిదప అడుగు. మాట వాని వెంట నడచినది. కాని మాటయే లేకున్న ఆ తాళమునకు పౌరుషము ఎక్కడిది?

బహుమాన సభలో రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ తెలుగుననే పాడిరి. సభ లేచి నిలిచి కరతాళములు మ్రోయించెను. నర్తించినది అమెరికా బృందము. అందు భారత సంతతివారు కానరాకపోవుటను అచ్చటి మన నర్తకులు కొందరు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. నాటువారిని ఈసడించిన దొరకు జవాబుగా పుట్టిన చిందునకు, నాటువారి కాళ్లే దొరకకపోయెనా?

బంగరు ప్రతిమలు రెండు. ఒకటి కీరవాణికి, ఒకటి చంద్రబోసునకు. అడుగులు కూర్చినవానికి ఆ పందెమున బహుమానము లేదు. ప్రేమ్ రక్షిత్‌కు నృత్యకల్పనకు జాతీయ బహుమానము అదే యేడు అక్టోబరులో ఢిల్లీలో లభించెను. చంద్రబోసునకును ఆ సభలోనే సాహిత్యమునకు బహుమానము వచ్చినది. అది నాటు పాటకు గాదు, రాయలసీమ గొఱ్ఱెల కాపరుల కథయైన ‘కొండపొలము’ చిత్రములోని పాటకు.