సున్నపురాతిలో చమురు: లెక్కల నమూనా

విజయనగర, నాయకరాజుల కాలాలలో వలస వచ్చి కోయంబత్తూరు, మదురై సీమలలో స్థిరపడిన తెలుగువారి సంతతికి రాతినేలలో బావి కష్టం తెలియనిది కాదు. ప్రక్క చేనిలో లోతైన బోరు పడితే తమ బావి అడుగంటుతుంది. చమురు క్షేత్రాలకూ ఇట్టి చిక్కే ఉంది.

కోయంబత్తూరు చెంత మదుక్కరైలోని సున్నపురాయి భూగర్భపు వేడికి, ఒత్తిడికి స్ఫటికంగా మారినది. దాని నుండి వచ్చేది సిమెంటే. ముంబై హై సున్నపురాయి అటువంటిది కాదు. సముద్రగర్భంలోని ఆ పొరలలో 1974లో చమురు కనుగొన్నారు. 1976లో ఉత్పత్తి మొదలైంది.

సున్నపురాయి నీటికి కరిగే గుణం కలది. అందుచేత ఒకచోట జల్లెడలా ఉన్న రాయి కొద్ది దూరంలోనే గట్టి బండ కావచ్చు. పీడనం నిలపడానికి ఎక్కించిన నీరు పగులు వెంట ముందుగా బావిని చేరితే, చమురు వెనుక చిక్కుబడిపోతుంది.

దీనిని ముందే గ్రహించడానికి క్షేత్రాన్ని కంప్యూటరులో లక్షల గళ్లుగా విభజిస్తారు. ప్రతి గడికి రంధ్రాల పాలు, ప్రవాహానికి దారి, పీడనం నిర్ణయించి, గడచిన ఏళ్ల ఉత్పత్తితో సరిచూస్తారు. అయితే గతంతో సరిపోలిన రెండు నమూనాలు భవిష్యత్తును వేర్వేరుగా చెప్పగలవు. కనుక ఒక్కదానినే నమ్మి కొత్త బావి త్రవ్వడం సాహసమే.

ఈ గళ్ల లెక్క భూగర్భజలానికీ పనికివస్తుంది. కాని దానికి పాత కొలతలు కావాలి. మన పల్లెలలో బోరు లోతు, నీటిమట్టం ఏటేటా వ్రాసి ఉంచేవారు అరుదు.